తాడు మూడుసార్లు

పున్నమి ఘాట్ మెట్ల మీద నా పేరు ఎవరికీ తెలీదు.
ఈతగాడు అంటే చాలు,
టీ కొట్టు సాంబయ్య గరిటెతో చూపిస్తాడు.
నలభై ఏళ్ళుగా బ్యారేజీ కానాల దగ్గర మునిగి
కృష్ణమ్మ ఒళ్ళోంచి మనుషుల్ని తీస్తున్నాను.
బతికున్నవాళ్ళు తక్కువ.
లెక్క నన్నడగొద్దు, స్టేషన్లో రాసుంటుంది.

మోపిదేవికి తొమ్మిదేళ్ళప్పుడు
నడుముకి కొబ్బరితాడు కట్టి నీళ్ళలోకి దించాను.
ఒకసారి లాగితే, ఉన్నాను.
రెండుసార్లయితే, ఇంకాస్త వదులు.
మూడుసార్లు, దొరికింది, పైకి లాగు.
అంతే వ్యాకరణం.
నీటికింద నోరు తెరిస్తే మాట బయటికి రాదు, నది లోపలికొస్తుంది.

వాడు వాయుసేనలో చేరాడంటే
విమానం నడుపుతాడనుకుంది పేట మొత్తం.
వాళ్ళమ్మ బందరు లడ్డు కూడా పంచింది.
సెలవుకొచ్చి, చీకటిపడ్డాక, ఇసుకలో కూర్చుని
నాకొక్కడికే చెప్పాడు:
"నడపను మామా. కాపలా కాస్తాను."

ఎక్కడో కశ్మీరం వైపు,
వాడింకా పలక మీద అఆలు దిద్దే రోజుల్లో,
విమానాల స్థావరాల మీదికి తుపాకులొచ్చాయట.
ఆకాశంలో ఎవరికీ చిక్కని విమానం
నేల మీద పొదుగుతున్న కోడిపెట్ట.
రెక్కలెంత పెద్దవైనా
గూటికొక కాపు కావాలని అప్పుడు తెలిసింది.
రెండువేల నాలుగులో పుట్టిందట ఈ దళం,
గరుడ అని పేరుపెట్టుకుని.

డెబ్బై రెండు వారాలు నేర్పారన్నాడు.
అడవి, మంచు, ఉప్పునీరు, నిద్రలేమి.
"మధ్యలో ఎంతమంది వెనక్కి పోయారురా?"
గుప్పెడు ఇసుక పట్టి
వేళ్ళు వదులు చేశాడు.
అరచేతికి అంటుకున్న నాలుగు రేణువులు చూపించాడు.
మోకాలి కింద కొత్త మచ్చ. అది మాత్రం అడగలేదు.

"ఇంకో పనుంది మామా.
అవతలి గడ్డ మీద మన విమానం కూలితే
పైలట్‌ని వెతికి తేవాలి.
ఉంటే ఉన్నట్టు, పోతే పోయినట్టు,
వదిలేసి మాత్రం రాకూడదు."
నాకు నవ్వొచ్చింది.
ఒరే, ఇది నా పనే కదరా!
నేను నీళ్ళలో పడ్డవాళ్ళకి,
నువ్వు నింగిలోంచి పడ్డవాళ్ళకి.
నీకు జీతం.
నాకు ఎస్సై మనసు బాగున్నప్పుడు రెండొందలు.

ఆ తర్వాత బుడమేరు పొంగింది.
కృష్ణ చెప్పి వస్తుంది, గేట్లెత్తుతారు, సైరన్ మోగుతుంది.
బుడమేరు అప్పులవాడిలా తెల్లారగట్ల తలుపు తోస్తుంది.
సింగ్‌నగర్‌లో అక్క కూతుర్ని తెద్దామని వెళ్ళి
ఆ డాబా మీదే నేనూ చిక్కుకున్నాను.
ఈతగాడిని, ఎక్కడికని ఈదను?
చూపు ఆనినంత నీళ్ళు,
గొంతులోకి గుక్కెడు లేవు.
పక్క డాబా మీద కౌసర్, నెలలు నిండిన పిల్ల,
గోడకి వీపు ఆనించి పళ్ళు బిగబట్టి ఉంది.

మూడోరోజు హెలికాప్టర్ వచ్చింది.
దాని గాలికి కౌసర్ వాళ్ళ ట్యాంకు మూత లేచి
గిరగిరా తిరుగుతూ ఎటో పోయింది.
తాడు దిగింది, తాడుకి మనిషి.
ముఖానికి గుడ్డ, కళ్ళకి అద్దాలు.
భుజాన రెక్కల గుర్తు ఉందో లేదో
నా కంటి శుక్లం చూడనివ్వలేదు.
నీళ్ళ సీసాల మూట ముందు వదిలాడు.
ఎవరో పిల్లాడు ఒకటి మూత తీసి అందిస్తే
వద్దని చెయ్యి ఊపాడు.
అమ్మ దాస్యం విడిపించను అమృతం మోసుకొచ్చిన పక్షి
దారిలో చుక్కైనా ముట్టలేదంటారు.

కౌసర్‌ని పట్టీలతో తన గుండెకి కట్టుకున్నాడు.
పైవాళ్ళకి బొటనవేలు ఎత్తాడు, అది వాళ్ళ పద్ధతి.
దానికి ముందే,
అవసరమేమీ లేకపోయినా,
ఆ ఉక్కుతాడుని
మూడుసార్లు లాగాడు.

నెల తర్వాత ఫోన్.
"నువ్వేనా?" అన్నాను.
"ఎక్కడున్నానో చెప్పకూడదు మామా."
"సరే, చెప్పకు."
అవతల గాలి హోరు. ఎవరో హిందీలో పిలుస్తున్నారు.
పెట్టేస్తాడనుకున్నాను.
"మామా, ఆ ట్యాంకు మూత దొరికిందా?"

దొరకలేదురా.
ఫ్లెక్సీ ముక్క కప్పి తాడు కట్టాం.